నష్టంలేని నకలు: లక్క ప్లేటు నుంచి అంకెల దస్త్రం వరకు

సంగారెడ్డి ప్రాంతంలో సేద్యం చేసుకొనే రైతుకు నకలు అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. పహాణీ నకలులో సర్వే నంబరు ఒక్క అంకె తారుమారైతే ఎన్ని తిప్పలు పడవలసి వస్తుందో అతనికి బాగా తెలుసు. అందుచేత నకలు చేతికి రాగానే సరిచూసుకొని గాని కచేరీ గడప దాటడు. అదే మనిషి పాట నకలు విషయంలో ఇంత పట్టింపు చూపడు. పాట వినిపిస్తే చాలును. అది అసలుకు ఎంత దగ్గరగా ఉన్నదో, నకలు తీసేటప్పుడు అందులో నుంచి ఏమి పోయినదో విచారించడు. మనలో చాలామంది ఇంతే.

కాని పాట నకలును కూడా పహాణీ నకలులాగా అంకె అంకె సరిచూసుకొనే వారు కొందరున్నారు. వీరు విదేశీ పాప్ సంగీతపు ఆల్బములను సేకరిస్తారు. ఒకే ఆల్బము జపానులో అచ్చయినది వేరు, జర్మనీలో అచ్చయినది వేరు, ఇంగ్లండులో అచ్చయినది వేరు అంటారు. అరుదైన ముద్రణ కోసం జుమ్మెరాత్ బజారులోను, ఎర్రగడ్డ ఆదివారం సంతలోను పాత సామాను గుట్టలు తిరగవేస్తారు. దొరికినదానిని ఒక్క అంకె కూడా నష్టపోకుండా కంప్యూటరులో దాచుకుంటారు. చూచేవారికి ఇది పిచ్చిగా కనిపించవచ్చును. కాని ఈ పిచ్చి వెనుక నూటముప్పై ఏండ్లకు మించిన శాస్త్ర చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను తెలుసుకోవడానికి నాకు ఒక పొరపాటు కారణమైనది. ముందుగా దానిని చెబుతాను.

ఒక విద్యార్థి పొరపాటు

2005లో నేను డిగ్రీలో చేరాను. మేము అప్పుడు పటాన్‌చెరులో ఉండేవాళ్లం. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక పెద్దాయన ఉండేవారు. ఒక కర్మాగారంలో ఇంజనీరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఉద్యోగం మీద పరదేశాలలో యంత్రాలు బిగించడానికి వెళ్లినపుడల్లా జీతంలో మిగిల్చి కాంపాక్ట్ డిస్కులు కొని తెచ్చుకున్నారు. అవి అరవై. వాటిలో చాలావరకు జపాను ముద్రణలు. ప్రతి డబ్బాకూ ఒక అంచున జపాను లిపిలో అచ్చయిన కాగితపు పట్టీ ఉండేది. ఆ పట్టీ చిరగకుండా డబ్బా తెరవడం ఆయన నాకు నేర్పిన మొదటి విద్య.

నా కోరిక మీద ఆయన అరవై డిస్కులూ నాకిచ్చారు. నా కంప్యూటరులో 40 గిగాబైట్ల డిస్కు ఉండేది. ఒక్కొక్క ఆల్బము సుమారు 50 నిమిషాలు. ఉన్నదున్నట్లు ఎక్కిస్తే ఒక్కొక్కటి 53 కోట్ల బైట్లు. అరవైకి మూడు వేల కోట్లు దాటుతుంది. అంటే డిస్కులో మూడు వంతులకు పైగా నిండిపోతుంది. అందువల్ల ఎం.పి.3 పద్ధతిలో, సెకనుకు 128 వేల బిట్ల చొప్పున కుదించాను. అరవై ఆల్బములూ మూడు వందల కోట్ల బైట్ల లోపుననే ఇమిడిపోయినవి. ఎంతో తెలివైన పని చేశానని సంతోషించాను. డిస్కులు తిరిగి ఇచ్చేటప్పుడు ఈ సంగతి చెబితే ఆయన ఒక్క మాట అన్నారు: "బిడ్డా, పాటను చిన్నగ చేసినవు గదా, మరి తీసేసింది ఎక్కడ పెట్టినవ్?"

నాకు జవాబు తోచలేదు. కొన్నేండ్లకు ఆయన కాలం చేశారు. వేరే ఊళ్లలో ఉంటున్న పిల్లలు వచ్చి ఇల్లు ఖాళీ చేసినపుడు డిస్కులు పాత సామాన్ల బండి ఎక్కినవి. నాకు ఆ సంగతి తెలిసేసరికి బండి జాడ లేదు. ఆ సంగీతంలో నా దగ్గర మిగిలినది నేను కుదించిన నకలు మాత్రమే. పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ వ్యాసం.

లక్క ప్లేట్లు

ధ్వనిని పట్టి నిలిపి మళ్లీ వినిపించే ఫోనోగ్రాఫును ఎడిసన్ 1877లో తయారుచేశాడు. అందులో శబ్దం ఒక గొట్టానికి చుట్టిన తగరపు రేకు మీద గీతగా పడేది. పాడినవాడు ఎన్నిసార్లు పాడితే అన్ని గొట్టాలు. ఒకదాని నుంచి వేలాది నకళ్లు తీయడం కష్టం. ఈ చిక్కును విప్పినవాడు జర్మనీలోని హానోవరులో పుట్టి అమెరికా చేరిన ఎమిలీ బెర్లినర్. అతడు 1887లో గొట్టానికి బదులు బల్లపరుపు పళ్లెం ఉపయోగించాడు. పళ్లెం మీది గాడికి లోహపు అచ్చు తీస్తే, ఆ అచ్చుతో ఎన్ని పళ్లాలనైనా ఒత్తవచ్చును. పాట అచ్చువేయదగిన వస్తువైనది అప్పటినుంచే.

ఆ పళ్లెం దేనితో చేసేవారు? లక్కతో. ఛోటా నాగపూరు అడవులలో లక్క పురుగు చెట్ల కొమ్మల మీద స్రవించే పదార్థమే అది. హైదరాబాదు లాడ్ బజారులో గాజులకు వాడే లక్క, పాండవులను కాల్చడానికి కౌరవులు కట్టించిన ఇంటి లక్క, గ్రామఫోను ప్లేటు లక్క మూడూ ఒకటే. లక్కలో రాతిపొడి, నల్లమసి, దూది పీచు కలిపి వేడిచేసి అచ్చులో ఒత్తేవారు. నిమిషానికి 78 సార్లు తిరిగే పది అంగుళాల ప్లేటు మీద ఒక వైపున సుమారు మూడు నిమిషాల పాట పట్టేది. పాప్ పాట ఈనాటికీ మూడు నాలుగు నిమిషాల దగ్గర ఆగడానికి ఈ ప్లేటు కొలతే ఒక కారణం.

1902లో గ్రామఫోను కంపెనీవారి నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ మొదలైన గాయకుల పాటలు నమోదు చేశాడు. మన దేశంలో ప్లేట్లు ఒత్తే కర్మాగారం అప్పటికి లేదు. నమోదు చేసిన పలకలు ఓడ మీద హానోవరు వెళ్లి, అక్కడ ప్లేట్లుగా అచ్చయి, మళ్లీ ఓడ మీద తిరిగి వచ్చేవి. పాట చివర గౌహర్ జాన్ తన పేరు ఇంగ్లీషులో చెప్పడం ఆ ప్లేట్లలో వినిపిస్తుంది. పలకలు అందుకునే పరదేశపు పనివాళ్లు గాయని ఎవరో గుర్తించడానికి అది పనికివచ్చేది. కనుక మన దేశపు మొదటి ప్లేట్లు కూడా దిగుమతి సరుకే. లక్క ఇక్కడిది, గొంతు ఇక్కడిది, అచ్చు మాత్రం పరదేశపుది. కలకత్తాలోనే ప్లేట్లు ఒత్తే కర్మాగారం 1908లో వచ్చింది. డమ్‌డమ్ లోని పెద్ద కర్మాగారం 1928లో వెలసింది.

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీవారు లక్కకు బదులు వినైల్ ప్లాస్టికుతో, నిమిషానికి 33⅓ సార్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డును విడుదల చేశారు. ఒక వైపున ఇరవై నిమిషాలకు మించి పట్టేది. పాటల గుచ్ఛాన్ని ఒకే పళ్లెం మీద వరుసగా కూర్చే అవకాశం కలిగింది. పాప్ ఆల్బము అనే రూపానికి పునాది ఇదే.

ఒకే పాట, వేరు వేరు ముద్రణలు

ఒక ఆల్బము లండనులో తయారైనదనుకుందాము. గాయకులు పాడినది అయస్కాంత టేపు మీద ఉంటుంది. దానిని మూల టేపు అంటారు. అమెరికాలోను, జపానులోను, డమ్‌డమ్ లోను ప్లేట్లు ఒత్తాలంటే మూల టేపును పంపరు. దానికి నకలు తీసి పంపుతారు. ఒక్కొక్కప్పుడు నకలుకు నకలు పోతుంది. టేపు నుంచి టేపుకు నకలు తీసినపుడల్లా కొంత బుసబుస శబ్దం వచ్చి కలుస్తుంది. మొదటి టేపులో ఉన్నంత బుస రెండవ టేపూ చేర్చినదంటే, బుస శక్తి రెట్టింపైనట్లే. శాస్త్ర పరిభాషలో మూడు డెసిబెళ్లు పెరిగినట్లు. సజ్జ చేనులో గాలికి వచ్చిన పరపుప్పొడి కలిసి తరం తరానికి విత్తనం మారినట్లు, పాట కూడా తరం తరానికి మారుతుంది. అందుకే సేకరించేవారు మూల టేపుకు ఎంత దగ్గరి ముద్రణ అని విచారిస్తారు. ప్లేటు నడుమ గాడి లేని నున్నటి భాగంలో గీసిన అంకెలు చూచి, ఆ ముద్రణ ఏ అచ్చు నుంచి వచ్చినదో పోల్చుకుంటారు.

మార్పు శబ్దంలోనే కాదు, పాటల పట్టికలో కూడా ఉండేది. బీటిల్స్ బృందం ఆల్బములను అమెరికాలో కాపిటల్ కంపెనీ పాటలు తగ్గించి, వరుస మార్చి విడుదల చేసేది. 1967లో 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' వచ్చేవరకు ఈ తేడా సాగింది. జపానులో ఇంకొక విచిత్రం. అక్కడి చట్టం ప్రకారం సంగీతపు డిస్కులను నిర్ణయించిన ధరకే అమ్మవచ్చును. ఆ ధర ఎక్కువ. అదే ఆల్బము అమెరికా నుంచి దిగుమతి అయితే చౌకగా దొరుకుతుంది. స్వదేశపు ముద్రణను జనం కొనేటట్లు చేయడానికి కంపెనీలు జపాను ముద్రణలో ఒకటి రెండు పాటలు అదనంగా చేర్చేవి. మా పెద్దాయన డిస్కులలో మరెక్కడా నేను వినని పాటలు ఉండడానికి ఇదే కారణం.

మన దేశంలో 1991కి పూర్వం దిగుమతులకు లైసెన్సుల కట్టుబాటు గట్టిగా ఉండేది. వినియోగ వస్తువుల దిగుమతి మీద పరిమాణ నిర్బంధాలు 2001 ఏప్రిల్ 1న గాని పూర్తిగా తొలగలేదు. అందువల్ల పరదేశపు ఆల్బము సాధారణంగా ఎవరో ఒకరి పెట్టెలో రావలసిందే. రామచంద్రాపురం భెల్, 1972లో పటాన్‌చెరులో వెలసిన ఇక్రిశాట్, చుట్టుపక్కల పారిశ్రామికవాడ వల్ల ఈ ప్రాంతానికి పరదేశాలతో రాకపోకలు ఏర్పడినవి. గల్ఫు నుంచి వచ్చినవారు టేపురికార్డర్లు తెచ్చేవారు. ఈ ఊళ్లలో అక్కడక్కడ ఒక బీరువాలో జపాను పట్టీ కట్టిన డిస్కు కనిపించడానికి మూలం ఇదే.

ధ్వని అంకెలైన విధం

గాడి మీది గీత అయినా, టేపు మీది అయస్కాంతత అయినా ధ్వనికి ప్రతిరూపాలు. ప్రతిరూపం అరిగిపోతుంది. ముల్లు తగిలినపుడల్లా గాడి కొంత చెడుతుంది. ధ్వనిని అంకెలుగా రాసుకుంటే? అంకెను అంకెగానే నకలు చేయవచ్చును. వెయ్యవ నకలులో కూడా ఏడు ఏడుగానే ఉంటుంది.

ధ్వని అంటే గాలి ఒత్తిడిలో హెచ్చుతగ్గులు. ఆ ఒత్తిడిని సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి, కొలతలను వరుసగా రాసుకుంటే చాలునని 1937లో ఎలెక్ రీవ్స్ అనే ఇంగ్లీషు ఇంజనీరు గ్రహించాడు. ఎన్నిసార్లు కొలవాలి? అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపుకన్న ఎక్కువసార్లు కొలిస్తే, కొలతల మధ్య ఉన్న తరంగాన్ని సంపూర్ణంగా తిరిగి నిర్మించవచ్చునని క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన సిద్ధాంతం చెబుతుంది. దీనికి దారి చూపినది 1928 నాటి నైక్విస్ట్ పరిశోధన. మానవుని చెవికి వినిపించే అత్యధిక పౌనఃపున్యం సుమారు 20,000. కనుక సెకనుకు 40,000 మించి కొలతలు కావాలి.

కాంపాక్ట్ డిస్కులో ఈ సంఖ్య 44,100. ఈ వింత అంకె ఎక్కడిది? తొలి దినాలలో ధ్వని అంకెలను దాచడానికి వీడియో టేపు యంత్రాలను వాడేవారు. అమెరికా, జపాను పద్ధతిలో సెకనుకు 60 క్షేత్రాలు, క్షేత్రానికి వాడుకోదగిన గీతలు 245, గీతకు మూడు కొలతలు: మూడింటినీ గుణిస్తే 44,100. యూరపు పద్ధతిలో సెకనుకు 50 క్షేత్రాలు, 294 గీతలు, మూడు కొలతలు: మళ్లీ 44,100. ఇంజనీర్లు రెండు పద్ధతులకూ సరిపోయే అంకెను ఏరుకున్నారు. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు, కుడి ఎడమ చెవులకు రెండు వరుసలు: మొత్తం సెకనుకు 14,11,200 బిట్లు.

సోనీ, ఫిలిప్స్ కంపెనీలు కలిసి రూపొందించిన ఈ డిస్కు 1982 అక్టోబరు 1న జపానులో అమ్మకానికి వచ్చింది. అంతకు ముందే, 1982 ఆగస్టు 17న, జర్మనీలోని లాంగెన్‌హాగెన్‌లో ఆబా బృందపు 'ది విజిటర్స్' ఆల్బము డిస్కులుగా అచ్చయింది. లాంగెన్‌హాగెన్ హానోవరు పొలిమేరలోని ఊరే. గౌహర్ జాన్ గొంతు ప్లేటుగా అచ్చయిన చోటికి కూతవేటు దూరాన, ఎనభై ఏండ్ల తరువాత పాట అంకెలుగా అచ్చయిందన్నమాట.

రెండు దారులు

అంకెలు వచ్చినవి గాని, అవి మరీ ఎక్కువ. వాటిని కుదించడానికి రెండు దారులు ఏర్పడినవి. ఒకటి నష్టంతో కుదించడం, రెండవది నష్టం లేకుండా కుదించడం. రెండు దారుల మొదటిలోను ఒక భారతీయుని పాదముద్రలు కనిపిస్తాయి. ఆయన బిష్ణు అటల్. 1933లో కాన్పూరులో పుట్టి, లక్నోలో పట్టం పొంది, బెంగుళూరు విజ్ఞాన సంస్థలో చదివి, 1961లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చేరాడు.

మాటలోని ఒక్కొక్క కొలతను దానికి ముందున్న కొన్ని కొలతలను బట్టి అంచనా వేయవచ్చునని అటల్, మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ 1967 ప్రాంతంలో చూపారు. జపానులో ఇటకురా, సైటో అదే కాలంలో ఇటువంటి ఫలితానికే వచ్చారు. దీనికి రేఖీయ ప్రాగుక్తి అని పేరు. నేడు మొబైలు ఫోనులో మన మాట ఈ సూత్రం ఆధారంగానే ప్రయాణం చేస్తున్నది.

తరువాత 1979లో ష్రోడర్, అటల్, హాల్ మరొక విషయం చూపారు. పెద్ద శబ్దం పక్కనే ఉన్న చిన్న శబ్దం చెవికి వినబడదు. జాతరలో డప్పు మోగుతుంటే పక్కవాడు గుసగుసలాడినది వినిపించనట్లే. కనుక కుదించడంలో వచ్చే లోపాలను పెద్ద శబ్దాల చాటున దాచవచ్చును. ఈ భావాన్ని సంగీతానికి విస్తరించి, జర్మనీలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ మొదలైనవారు పెంపొందించినదే ఎం.పి.3. సుజాన్ వేగా పాడిన 'టామ్స్ డైనర్' పాటతో అతడు దీనిని పదేపదే పరీక్షించి చక్కదిద్దాడు. 1993లో ఇది అంతర్జాతీయ ప్రమాణంగా ప్రచురింపబడినది. చెవికి వినబడదని తోచినదంతా పారవేయడమే దీని రహస్యం. 14 లక్షల బిట్లు 128 వేలకు దిగడం, అంటే పదకొండవ వంతుకు చేరడం, ఆ పారవేతవల్లనే. పెద్దాయన ప్రశ్నకు జవాబు ఇదే: తీసివేసినది ఎక్కడా పెట్టలేదు, పారవేశాను.

మీటరు లెక్క

నష్టం లేకుండా కుదించడం ఎట్లా? దానికి కరెంటు మీటరు ఉదాహరణ చాలును. ఒక ఇంటి మీటరు నెల నెలా చూపిన అంకెలు ఇవి అనుకుందాము: 4210, 4313, 4417, 4520, 4622. మొదటి రెండూ తెలిస్తే, నెలకు 103 యూనిట్లు కాలుతున్నదని గ్రహించి మూడవది 4416 అని అంచనా వేస్తాము. అసలు 4417, తేడా +1. గత నెల 104 కాలింది గాన నాలుగవది 4521 అంటాము, అసలు 4520, తేడా –1. ఐదవది 4623 అంటాము; అసలు 4622; తేడా –1. ఇప్పుడు ఐదు పెద్ద అంకెలు రాయనక్కరలేదు. మొదటి రెండు అంకెలు, తరువాత +1, –1, –1 అని రాసుకుంటే చాలును. కావలసినపుడు అదే అంచనా వేసి, తేడా కలిపితే అసలు అంకెలు ఒక్క యూనిట్ తేడా లేకుండా తిరిగి వస్తాయి. రాత తగ్గింది, విషయం తగ్గలేదు.

ధ్వని కొలతలు కూడా మీటరు అంకెల వలె క్రమంగా మారుతాయి. అటల్ వాడిన ప్రాగుక్తినే ఇక్కడ వాడి, తేడాలను మాత్రం దాచుకుంటారు. చిన్న తేడాకు చిన్న సంకేతం ఇచ్చే ఉపాయం రాబర్ట్ రైస్‌ది. 1971లో అంతరిక్ష నౌకలు పంపే చిత్రాలను కుదించడానికి ఆయన దీనిని కనిపెట్టాడు. ఈ రెండింటినీ కలిపి 1994లో కేంబ్రిడ్జిలో టోనీ రాబిన్సన్ 'షార్టెన్' అనే సాధనం చేశాడు. జాష్ కోల్సన్ తయారుచేసిన 'ఫ్లాక్' మొదటి స్థిరమైన రూపం 2001 జులైలో విడుదలైనది. ఇది ఎవరైనా ఉచితంగా వాడుకోదగినది. 2024 డిసెంబరులో ఇంటర్నెట్ ప్రమాణాల సంఘం దీనిని లిఖిత ప్రమాణంగా ప్రకటించింది. ఫ్లాక్‌లో పాట సాధారణంగా సగానికో, సగానికి కొంచెం పైకో దిగుతుంది, అంతకంటె తగ్గదు. పదకొండవ వంతుకు దించడం నష్టంలేని దారిలో సాధ్యం కాదు. అంచనాకు లొంగనిది ఎంత ఉన్నదో అంతా మోయవలసిందే.

నకలుకు సాక్ష్యం

సేకరించేవాడు ఇంతటితో తృప్తిపడడు. డిస్కు నుంచి అంకెలు సరిగా వచ్చినవో లేదో ఎవరు చెప్పాలి? డిస్కు మీద గీతలు పడినా, రీడ్, సాలమన్ అనే గణితజ్ఞులు 1960లో చెప్పిన సంకేతం ఆధారంగా పోయిన అంకెలను తిరిగి లెక్కకట్టవచ్చును. కాని గీత మరీ పెద్దదైతే యంత్రం రెండు పక్కల అంకెలు చూచి మధ్య అంకెను ఊహించి నింపుతుంది. వినేవానికి తెలియదు, నకలులో మాత్రం ఊహ చేరినది. అందువల్ల డిస్కును ఒకటికి రెండుసార్లు చదివి పోల్చే సాధనాలు వచ్చినవి. 1998లో వచ్చిన 'ఎగ్జాక్ట్ ఆడియో కాపీ' అటువంటిది. పాటలోని అంకెలన్నింటినుంచి లెక్కకట్టిన ఒక చిన్న సంఖ్య, వేలిముద్ర వంటిది, ఫ్లాక్ దస్త్రంలోనే ఉంటుంది. ఎన్నేండ్లకైనా ఆ సంఖ్యను మళ్లీ లెక్కకట్టి సరిపోల్చవచ్చును. ఒక్క బిట్టు మారినా సంఖ్య మారుతుంది.

ఈ జాగ్రత్త అనవసరమని అనరాదు. డిస్కులు శాశ్వతం కావు. అల్యూమినియం పొరకు గాలి సోకితే తుప్పు పట్టి అంకెలు చదవరాకుండా పోతాయి. 1988, 1993 మధ్య ఇంగ్లండులోని ఒక కర్మాగారంలో తయారైన డిస్కులు అనేకం క్రమంగా కంచు రంగుకు తిరిగి పాడైనవి.

ఏ పద్ధతీ తేలేనిది

2016లో నేను లెక్చరరుగా మా కళాశాల ప్రయోగశాలలో నా పాత ఎం.పి.3 నకళ్ల వర్ణపటం తీసి చూచాను. 16,000 పౌనఃపున్యం దగ్గర కత్తితో కోసినట్లు గీత. దాని పైన అంతా చీకటి. ఆ దస్త్రాలను ఫ్లాక్‌లోకి మార్చి చూచాను. దస్త్రం ఎన్నో రెట్లు ఉబ్బింది. గీత అక్కడనే ఉన్నది. నీళ్లు కలిపిన పాలను పెద్ద కుండలో పోసినంత మాత్రాన చిక్కబడతాయా? ఇటువంటి దస్త్రాలను నష్టంలేనివని చెప్పి ఇచ్చేవారు ఉన్నారు. వర్ణపటం వారి గుట్టు బయటపెడుతుంది.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ గీత పైన ఉన్నది నా చెవికి ఎట్లాగూ వినబడదు; ముప్పై దాటినవారిలో చాలామందికి అంతే. నాకు తెలిసే నష్టం వేరు. తాళం మోగే క్షణానికి కొంచెం ముందే చిన్న మసక శబ్దం వినిపిస్తుంది. కుదించడంలో పుట్టిన లోపమిది. అంతకంటె పెద్ద నష్టం, రేపు ఇంకా మంచి పద్ధతి వచ్చినా నా నకలు నుంచి కొత్త నకలు తీయలేను. పారవేసినదాని మీద మళ్లీ పారవేత జరుగుతుంది.

ఫ్లాక్ కూడా సర్వరోగ నివారిణి కాదు. డిస్కులోని అంకెలకే అది హామీ. డిస్కుకు ముందు జరిగినదానికి కాదు. డిస్కులో రాయగల అత్యధిక సంఖ్య 32,767. దానిని మించి శబ్దం పెంచడం సాధ్యం కాదు. 1990ల నుంచి పాట రేడియోలో గట్టిగా మోగాలని, కంపెనీలు మెల్లని భాగాలను పైకి లేపి, శిఖరాలను నరికివేయసాగినవి. గట్టి, మెత్తన తేడా తగ్గిపోయింది. 2008లో వచ్చిన మెటాలికా బృందపు 'డెత్ మాగ్నెటిక్' ఆల్బము కంటె, ఒక వీడియో ఆటలో చేర్చిన అవే పాటలు విశాలంగా ఉన్నవని అభిమానులే ఫిర్యాదు చేశారు. ఇట్లా నరికిన పాటను ఫ్లాక్‌లో దాచితే నరుకుడు కూడా నష్టంలేకుండా భద్రంగా ఉంటుంది. అందుకే సేకరించేవారు కొత్త మెరుగుల ముద్రణ వదలి 1980ల నాటి జపాను ముద్రణ వెదుకుతారు. అది వట్టి మోజు కాదు, కొలతకు అందే విషయం.

విత్తనాల కొట్టు

పటాన్‌చెరులో ఇక్రిశాట్ వారి విత్తన నిధి ఉన్నది. 144 దేశాల నుంచి సేకరించిన జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు అందులో లక్షా ఇరవై వేలకు పైగా ఉన్నవి. కొన్నింటిని 4 డిగ్రీల చలిలో, దీర్ఘకాలం దాచవలసినవానిని సున్నాకు 20 డిగ్రీల దిగువన ఉంచుతారు. మొలక శాతాన్ని అప్పుడప్పుడు పరీక్షిస్తారు. తగ్గినపుడు మళ్లీ పండించి కొత్త విత్తనం తీస్తారు. సజ్జ వంటి పైరును పండించేటప్పుడు పరపుప్పొడి సోకకుండా కంకులకు సంచులు కడతారు. నకళ్లను దూరదేశాలలో కూడా దాచుతారు. నేడు ఎవరూ విత్తని రకాన్ని ఎందుకు దాచాలి అని అడిగితే, రేపు ఏ తెగులుకు ఏ రకం మందవుతుందో ఇవాళ తెలియదు గనుక అన్నదే సమాధానం.

పాట దాచేవాని సూత్రాలూ ఇవే. మూలానికి దగ్గరి నమూనా తీసుకోవాలి, కల్తీ లేకుండా నకలు తీయాలి, వేలిముద్ర సంఖ్యతో అప్పుడప్పుడు పరీక్షించాలి, ఒకచోట కాక రెండు మూడు చోట్ల ఉంచాలి. ఒక్కచోట ఉంచితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. 2008 జూన్ 1న హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోలో అగ్నిప్రమాదం జరిగి ఎన్నో మూల టేపులు కాలిపోయినవి. లోకానికి ఆ సంగతి 2019లో గాని బాగా తెలియలేదు. మన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలై జనాన్ని అలరించింది. నేడు ఆ చిత్రం చూడడానికి దొరకదు.

దాచుకోవడం వేరు, పంచిపెట్టడం వేరు అని కూడా చెప్పాలి. మన కాపీరైటు చట్టం ప్రకారం ధ్వని ముద్రణకు, ప్రచురించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏండ్లు హక్కు ఉంటుంది. అంతవరకు హక్కుదారు అనుమతి లేకుండా ఊరందరికీ నకళ్లు ఇవ్వడం న్యాయం కాదు. గడువు తీరిన పాత లక్క ప్లేట్లకు ఆ చిక్కు లేదు. వాటిని అంకెలలోకి ఎక్కించి అందరికీ అందజేయవచ్చును.

2005లో నా పొరపాటుకు చోటులేకపోవడం ఒక సాకు. నేడు గోరంత కార్డులో 512 గిగాబైట్లు పడుతున్నవి. పెద్దాయన డిస్కులవంటివి ఏమీ కుదించకుండానే తొమ్మిది వందలకు పైగా అందులో ఇముడుతాయి. ఆ సాకు ఇక చెల్లదు. మీ ఇంటి అటక మీద తాతగారి గ్రామఫోను ప్లేట్లో, నాయనగారి క్యాసెట్లో, పెళ్లినాటి పాటల డిస్కులో ఉంటే, పాత సామాన్ల బండి వీధిలోకి రాకముందే దించి చూడండి. నష్టంలేని నకలు తీసి, రెండు చోట్ల దాచండి. ఏది వినదగినదో, ఏది కాదో తరువాతివారు తేల్చుకుంటారు. వారికి ఆ అవకాశం మిగల్చడమే మన వంతు.